నీలి గోలెం

ప్రశ్న అడగ్గానే జవాబు చెప్పే అలవాటు రాజలింగం గారికి లేదు. అడిగినవాళ్లు నాలుగు రోజులు ఆయన ఇంట్లోనే తిని, పడుకుని, ఆఖరికి ఏమడగడానికి వచ్చామో తామే మర్చిపోయి బస్సెక్కిన సందర్భాలున్నాయి. పోచంపల్లి చుట్టుపక్కల మగ్గాల ఊళ్లలో గురువుగా ఆయనకు పేరుంది గానీ ఆశ్రమమంటూ ఏమీ లేదు. పెంకుటిల్లు, ముందొక వాకిలి, వాకిట్లో గన్నేరు చెట్టు, దాని పక్కన నీళ్ల తొట్టిలాంటి ఒక పెద్ద గోలెం. పండో కొబ్బరికాయో తెస్తే ఆయన తీసుకునేవారు కాదు. ఎవరైనా సరే ఇంటి నుంచి చెంబెడు నీళ్లు తెచ్చి ఆ గోలెంలో పోయాలి, అంతే. ఇందులో ఏదో గొప్ప తత్త్వముందని శిష్యులు తమలో తాము చాలా దూరం వెళ్లి వాదించుకునేవారు. ఆయన్నడిగితే మాత్రం, "ఎండకు నీళ్లు తగ్గుతయ్ గద" అనేవారు.

ఆ గోలెం నడుమెత్తు ఉంటుంది. ఒక మనిషి చేతులు బార్లా చాపినా అవతలి అంచు అందదు. ఆయన భార్య నర్సమ్మ బతికున్న రోజుల్లో అందులో నూలుకు రంగు వేసేది. మోచేతుల దాకా ఆమె చేతులు నీలంగా ఉండేవి. పండక్కి ఎంత పసుపు రాసుకున్నా ఆ నీలం వదిలేది కాదు. ఆమె పోయాక రాజలింగం గారు గోలెం కడిగించి, మంచినీళ్లు నింపి, ఏడాది పాటు ఊరికే ఉంచారు. ఆ ఏడాదంతా పొద్దస్తమానం దాని ముందే కూర్చునేవారని పాతవాళ్లు చెబుతారు. తర్వాత ఒకనాడు చెరువుకు వెళ్లి పరక చేపలు తెచ్చి వదిలారు. అడుగున నల్లమట్టి కుండలో అల్లిపువ్వు దుంప పాతారు, పైన నీళ్ల మీద తేలే అంతరతామర వేశారు. ఇదంతా ఎందుకని అడిగితే దోమలకని చెప్పారు. ఆ రోజు నుంచి గోలెం ముందు కూర్చోవడం కూడా మానేశారు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో అంబుజ చెంబు పట్టుకుని వచ్చింది. పెద్దబిడ్డ హారికకు జ్వరం తగిలి, ఆసుపత్రిలో పెట్టిన మూడో రోజున ప్రాణం పోయింది. అది జరిగి అప్పటికి ఏడాది దాటింది. అంబుజ నీళ్లు పోసి అరుగు కింద కూర్చుంది. కూర్చున్నాక కూడా ఖాళీ చెంబు చేతిలోంచి దించలేదు.

"అయ్యా, అందరు మర్చిపొమ్మంటున్నరు," అంది. "నాకు మర్చిపోవుడు వద్దు. కని దాని మొఖం నాకు అందుతలేదు. కండ్లు యాదికొస్తె ముక్కు యాదికొస్తలేదు. ఫొటోల ఉన్నది నా బిడ్డ తీరు లేదు, ఎవలో పరాయి పిల్ల బిగుసుకొని కూసున్నట్టున్నది. పోయినోళ్లను నిలుపుకునుడు ఎట్లనో నాకు జెప్పు."

రాజలింగం గారు ఆమె చేతిలోని ఖాళీ చెంబును చూశారు. "ఇంట్ల ఇంకెవలున్నరు?"

"మా ఆయన ఉన్నడు." ఆ తర్వాత, పొయ్యి మీద ఏదో మరిచి వచ్చినట్టు, "చిన్నది ఉన్నది. చందన" అంది.

"కొన్నొద్దులు ఈడుండి గోలెం చూస్కో" అన్నారాయన.

జవాబు అదేనా అని అడిగే ధైర్యం ఆమెకు లేకపోయింది. పని మాత్రం ఆయన వివరంగానే చెప్పారు. నీళ్లు ఎన్నడూ మార్చకూడదు, తగ్గినంతే పోయాలి. అదీ బోరింగు నీళ్లు తెచ్చి అప్పటికప్పుడు కుమ్మరించకుండా, ఒక రోజు బయట నిలవ ఉంచి పోయాలి. తవుడు చిటికెడు వేస్తే చాలు, మిగిలితే నీళ్లు మురుగుతాయి. ఆకులు సగం నీళ్లనైనా కప్పి ఉండాలి, లేకపోతే ఈ ఎండలకు చేపలు ఉడికిపోతాయి.

అంబుజ చేతిలో పనితనముంది. వారం తిరక్కుండానే అల్లి రెండు మొగ్గలు తొడిగింది. ఆమె నీడ పడగానే చేపలు బిలబిలమంటూ పైకి వచ్చి, వేలు పెడితే వేలి కొసను కొరికేవి. ఆ గిలిగింతకు ఒకసారి ఆమెకు నవ్వు కూడా వచ్చింది. వచ్చినందుకు తన మీద తనకే కోపమొచ్చి చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఆ మధ్యాహ్నమే గాలి ఆగిపోయింది. గన్నేరు ఆకు కూడా కదలడం లేదు. తవుడు చల్లడానికి వంగిన అంబుజకు రెండు ఆకుల మధ్య నీళ్లలో తన ముఖం కనిపించింది. తన ఎడమ భుజం వెనక ఇంకొకరు నిలబడి ఉన్నారు. పచ్చ గౌను, ఒకవైపు ఊడిపోయిన రిబ్బను. అంబుజ చటుక్కున వెనక్కి తిరిగింది. ప్రహరీ గోడ, దాని మీద ఎండ, అంతే. మళ్లీ నీళ్లలోకి చూసింది. హారిక అక్కడే ఉంది. ముక్కు ఎలా ఉండేదో ఇప్పుడు తెలిసింది, కుడి కనుబొమ్మ మీది గాటు కూడా తెలిసింది. బిడ్డా అని పిలవబోయేంతలో ఒక చేప పైకెగిరి మునిగింది. ముఖం ముక్కలై ఆకుల కిందికి వెళ్లిపోయింది.

ఇది ఆమె ఎవరికీ చెప్పలేదు. మర్నాడు చూపుకు అడ్డమని ఒక ఆకు తీసింది. ఆ తర్వాత ఇంకోటి. అంతరతామర గుంపునంతా ఎత్తి గోడ పక్కన పడేసింది. అల్లి మొగ్గ విచ్చుకోబోతుంటే దాని కాడ కూడా తుంచింది. పిల్ల ప్రతి మధ్యాహ్నం వచ్చేది, గాలి లేని వేళ చూసి వచ్చేది. చేపలు మాత్రం ఒక్క నిమిషం కుదురుగా ఉండనిచ్చేవి కావు. తన బిడ్డను తననుంచి లాక్కుపోతున్నది ఈ చేపలేనని అంబుజకు కసి పుట్టింది. ఒక పొద్దున పాత చీర కొంగుతో వాటినన్నిటినీ వడగట్టి, ఇంటి వెనక ఇత్తడి గంగాళంలో వేసింది.

రాజలింగం గారు బోడి గోలెం చూశారు, వెనక గంగాళం చూశారు. రోజూ గంగాళంలో చిటికెడు తవుడు వేసి వచ్చేవారు గానీ ఒక్క మాటా అనలేదు. గురువన్నవాడు అప్పుడే నాలుగు చీవాట్లు పెట్టాల్సిందని శిష్యుల్లో కొందరు ఇప్పటికీ అలుగుతారు. వాళ్ల అలక న్యాయమైనదే. ఆయన సంగతి తెలిసినవాళ్లు మాత్రం, ఆ చీవాట్లు పెట్టే అర్హత తనకు లేదనుకుని ఉంటారని అంటారు.

ఊరి నుంచి భర్త దశరథం ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. "చందన ఎవ్వలతోని మాట్లాడ్తలేదు అంబుజా. పళ్లెం ముంగట పెడితె అట్లనే కూసుంటది. నిన్న హారిక గౌను ఏసుకొని గుమ్మంల నిలవడ్డది, ఎంత పిలిచినా లోపటికి రాలె." రేపొస్తానని అంబుజ ప్రతిసారీ చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆమె కళ్లు గోలెం మీదే ఉండేవి. ఇక్కడ తను కదిలితే అక్కడ హారిక మాయమైపోతుందని ఆమె భయం. చిన్నది ఎక్కడికి పోతుంది, ఇంట్లోనే ఉంటుంది కదా అనుకుంది.

చేపలు లేని నీళ్లు అద్దంలా నిలిచాయి. హారిక ఇప్పుడు చెదరడం లేదు, ఎంతసేపు చూస్తే అంతసేపూ ఉంటోంది. కానీ నవ్వదు, మాట్లాడదు. ఒకరోజు ఆ పెదవుల దగ్గర ఏదో కదిలింది. అమ్మా అనబోతోందని అంబుజ ఊపిరి బిగబట్టి, ముక్కు తడిసేంత వంగింది. దోమ పురుగులు. నీళ్ల నిండా కొంకర్లు తిరుగుతూ, పిల్ల పెదవుల మీదా కనురెప్పల మీదా లుకలుకలాడుతున్నాయి. ఏ జ్వరం తన బిడ్డను తీసుకుపోయిందో, ఆ జ్వరం ఎక్కడి నుంచి వస్తుందో ఆసుపత్రిలో చెప్పగా విన్న మనిషే ఆమె. అయినా చేపల్ని తెచ్చి వెయ్యలేదు. గుడ్డ కట్టిన గిన్నెతో పురుగుల్ని తోడి పారబోసి, నీళ్లు మళ్లీ నిలిచేదాకా చూస్తూ కూర్చుంది.

ఆ మర్నాటి మధ్యాహ్నం ఎండ కళ్లల్లో పొడుస్తోంది. కాకి అరుపు కూడా లేదు. అంబుజ గోలెం అంచు పట్టుకుని వంగింది. హారిక వచ్చింది. ఎందుకో తల వేలాడేసి ఉంది, బళ్లో ప్రార్థన సాగి సాగి ఎంతకీ ముగియకపోతే పిల్లలు నిలబడే తీరుగా.

"హారికా, ఇటు సూడు బిడ్డా," అంది అంబుజ. "నేనే, అమ్మను."

పిల్ల తలెత్తింది. చూసింది కూడా. ఆ చూపులో గుర్తుపట్టిన జాడ లేదు. అప్పుడే హారిక వెనక ఇంకొకరు కనిపించారు. తలపాగా చుట్టుకున్న ముసలాయన. ఆయన పక్కన చంకలో పసిగుడ్డుతో ఒక పడుచు. ఆ వెనక ఇంకా ఎవరెవరో, గోలెం అంచు దాకా కిక్కిరిసి. ఎవరూ ఎవరినీ చూసుకోవడం లేదు, అందరి కళ్లూ కిందికే ఉన్నాయి. అందరూ నిలబడే ఉన్నారు. వాళ్లెవరో అంబుజకు తెలియదు గానీ ఎలా వచ్చారో తెలిసింది. ఎన్ని ఇళ్ల నుంచి ఎన్ని చెంబుల నీళ్లు ఇందులో పడ్డాయో, అన్ని ఇళ్లలో పోయినవాళ్లూ ఇందులోనే ఉన్నారు. అందరికన్నా వెనక నిలబడిన ఆమెకు చేతులు మోచేతుల దాకా నీలంగా ఉన్నాయి.

అంబుజ చూపు మళ్లీ తన బిడ్డ దగ్గరికే వచ్చింది. హారిక ఒంటరిగా లేదు. దాని చెయ్యి పట్టుకుని పక్కన ఇంకో పిల్ల నిలబడి ఉంది. అదే పచ్చ గౌను, కాకపోతే ఆ పిల్లకు వదులై భుజం మీంచి జారుతోంది. ఆ పిల్ల చందన.

బతికున్న పిల్ల ఈ గుంపులోకి ఎలా వచ్చిందో ఆలోచించే ధైర్యం అంబుజకు రాలేదు. గోలెం అంచు వదలడానికే ఆమెకు చాలాసేపు పట్టింది. వెనక్కి తిరిగింది. ఈసారి అక్కడ ఉత్త గోడ లేదు. చందన నిలబడి ఉంది. ఒంటి మీద అక్క గౌను, మొహమంతా చెమట. వాకిలి బయట దశరథం బండికి స్టాండు వేస్తున్న చప్పుడు వినిపించాకే అంబుజ నోరు విప్పింది.

"ఎప్పుడొచ్చినవ్ రా?"

"ఇందాక. బాపు నన్ను దింపి దుకాణంకు పోయిండు, మల్లొచ్చిండు."

"పిలవొద్దా మరి?"

"నువ్వు అక్కతోని మాట్లాడ్తున్నవ్ గదమ్మ" అంది చందన, తప్పు చేసినట్టు.

ఆ పిల్ల కుడి చెయ్యి పక్కకు చాపి ఉంది. ఎవరి చేతినో పట్టుకున్నట్టు వేళ్లు ముడిచి ఉన్నాయి. అంబుజ ఒక్క అంగలో వెళ్లి ఆ చెయ్యి పట్టుకుంది. అంత ఎండలోనూ అది చల్లగా, తడిగా ఉంది. వేళ్లు విప్పబోతే విడివడలేదు. చందన నీళ్ల దగ్గరికి రానేలేదు.

అంబుజ చేపల గంగాళం కోసం పరుగున ఇంటి వెనక్కి వెళ్లబోయింది. వెళ్లాల్సిన పని లేకపోయింది. రాజలింగం గారు గంగాళాన్ని రెండు చేతులా మోసుకుంటూ, నీళ్లు తొణికి పంచె తడుస్తుంటే మెల్లగా వస్తున్నారు. తెచ్చి ఆమె ముందు దించారు. గోలెం వైపు వీపు పెట్టి నిలుచున్నారు, నీళ్లలోకి మాత్రం చూడలేదు.

అంబుజ గంగాళం ఎత్తింది. ఎత్తింది గానీ వంచడానికి చేతులు రాలేదు. వంచితే ఆ ముక్కు, ఆ కనుబొమ్మ మీది గాటు మళ్లీ ఎన్నటికీ అందవేమోనని గుండె కొట్టుకుపోయింది. వెనక చందన పళ్లు చలికి కొట్టుకున్నట్టు టకటకమన్నాయి. అంబుజ ఏడుస్తూనే గంగాళాన్ని వంచేసింది.

చేపలు పడ్డ చోటల్లా నీళ్లు విరిగాయి. ముసలాయన పోయాడు, చంటిపిల్ల తల్లి పోయింది, చేతులకు నీలమున్న ఆమె చిట్టచివర పోయింది. హారిక చెదిరిపోయే ముందు, కూర్చోబోయే పిల్లలా మోకాళ్లు వంచినట్టు అంబుజకు కనిపించింది. చందన వేళ్లు విడివడ్డాయి. ఆ పిల్ల ఉన్నచోటనే నేల మీద చతికిలబడి, దాహమవుతోందమ్మా అంది.

అంబుజ బిడ్డను ఒళ్లోకి లాక్కుని, ఆ చేతిని తన కొంగుతో తుడుస్తూ గురువు గారి వైపు చూసింది. పోయినవాళ్లను నిలుపుకోవడం ఎలా అని తాను అడిగిన ప్రశ్న ఆమెకు ఇప్పుడు గుర్తొచ్చింది. రాజలింగం గారు గోడ పక్కన వాడిపోయి పడున్న అంతరతామరలో ఇంకా పచ్చగా ఉన్న నాలుగు ఏరి, చూడకుండానే వెనక్కి గోలెంలో వేశారు.

"ఎంతసేపని నిలవెడ్తవ్ బిడ్డా," అన్నారు. "పసిపిల్లలు. కాళ్లు గుంజుతయ్."