సావిట్లో ఆకు, పాకలో ఆకు

"గురువుగారూ, మింగిన ముద్ద నా కడుపులో వేరే దారిన వెళ్తుందా?"

వైద్యులు విరూపాక్షయ్యగారి దగ్గర ఏళ్ళ తరబడి చదువుకుంటున్న పైడయ్య ఈ మాట అడిగింది నేర్చుకుందామని కాదు, ఒళ్ళు మండిపోయి. బట్టల మూట భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి అడిగాడు. జవాబు సరిగ్గా లేకపోతే ఇక వైద్యమూ వద్దు, గురువూ వద్దు.

మండదా మరి? మోతుబరి జోగారావుకు పేగు కదలక పొట్ట బిగుసుకుపోయినప్పుడు, ఆముదం రాసి నిమిరి నిమిరి ఆ పొట్టను దారికి తెచ్చినవి పైడయ్య చేతులే. గండం గడిచిందని జోగారావు విందు చేశాడు. గురువుగారికీ తక్కిన శిష్యులకీ ఇంటి ముందరి సావిట్లో విస్తరాకులు వేయించాడు. పైడయ్యకు మాత్రం, కులం తక్కువవాడని, పశువులపాకలో పేడకుప్ప పక్కన వేయించాడు. పొట్ట మీద పనికొచ్చిన చేతులు పంక్తిలో పనికిరాకుండా పోయాయి! పైడయ్య మెతుకు ముట్టకుండా లేచి వచ్చేశాడు. గురువుగారు మాత్రం సావిట్లో తలవంచుకుని భోంచేశారు. అసలు మంట అక్కడ.

విరూపాక్షయ్యగారు నోరు విప్పేలోపే వాకిట్లో జోగారావు బండి ఆగింది. విందులో మొహం వాచినవాడిలా తిన్నాడేమో, పొట్ట మళ్ళీ ఉబ్బి మెలికలు తిరిగిపోతున్నాడు.

"వైద్యులుగారూ, చచ్చిపోతున్నాను, మందు!"

గురువుగారు కదల్లేదు. "పైడయ్యా, ముద్ద వెళ్ళే దారి ఈయనకు చూపించు."

ఆ పొట్టను మళ్ళీ తాకాలంటేనే పైడయ్యకు రోత పుట్టింది. అయినా మూట దించి, వేలు పెట్టి చూపించాడు. "గొంతు దాటి ఇక్కడికి దిగుతుంది. ఇది జీర్ణాశయం, మెత్తగా రుబ్బుతుంది. ఈ చుట్టలన్నీ చిన్నపేగు, సారం లాగి రక్తానికిస్తుంది. దాని చుట్టూ పెద్దపేగు, నీరు పీల్చుకుంటుంది. మిగిలింది మలం. ఎవరికైనా ఇంతే."

"ఇందులో నీ సావిడెక్కడ, నీ పశువులపాకెక్కడ?" గురువుగారు ఒక్కసారిగా గర్జించారు. "చూపించవయ్యా!"

జోగారావు రెండు చేతులతో పొట్ట కప్పుకున్నాడు.

"మందు ఇస్తాను. తగ్గేదాకా పల్చటి జావ తప్ప ఏమీ ముట్టకూడదు. అదీ నీ పాకలో, ఆ పేడకుప్ప పక్కనే కూర్చుని తాగాలి. పైడయ్య వచ్చి పోస్తాడు."

"నేను పొయ్యను," అన్నాడు పైడయ్య. మూట మళ్ళీ భుజానికెత్తాడు. కోపం దిగలేదు. "ఆయన ఎక్కడ కూర్చుంటే నాకేం? ఆ పూట మీరెక్కడ కూర్చున్నారో చెప్పండి."

గురువుగారు జోగారావు వైపు తిరిగారు.

"పాకలో రెండు పీటలు వేయించు. నేనూ వస్తున్నాను."