ఉప్పు సముద్రంలో శెమయా

తిమోనుకు రోగి సేవ విసుగనిపించింది.

చాలా వందల ఏళ్ళ కిందటి మాట. యూదయ దేశంలో, మృత సముద్రమని కూడా పిలిచే ఉప్పు సముద్రానికి ఎదురుగా ఉన్న కొండ గుహల్లో ఎనిమిదిమంది క్రైస్తవ సన్యాసులు ఉండేవాళ్ళు. వాళ్ళలో శెమయా అనే ముసలాయన ఒకప్పుడు రాళ్ళు చెక్కేవాడు. ఆ కొండకు మెట్లు మలిచింది ఆయనే. ఇప్పుడు కీళ్ళన్నీ బిగుసుకుపోయి, మోకాళ్ళు పొట్టకు ముడుచుకుని, చాప మీద పడి ఉంటాడు. రొట్టె నానబెట్టి తినిపించాలి. రోజుకు ఆరేడుసార్లు పక్క మార్చాలి. మార్చిన ప్రతిసారీ మూలుగుతాడు. రెండేళ్ళుగా ఈ పని తిమోనుది.

ఎనిమిదిమందిలో బాగా చదువుకున్నవాడు తిమోను. యెరూషలేము నుంచి యాత్రికులు వస్తే వాళ్ళను కొండ అంచుకు తీసుకెళ్ళి, కింద సముద్రాన్ని చూపించి బోధించేవాడు.

"యొర్దాను నది ఎప్పటినుంచో ఇందులో పడుతోంది. ఎంత వచ్చినా ఇది పుచ్చుకుంటుంది. ఒక్క చుక్క బయటికి వదలదు. అందుకే ఇందులో చేప బతకదు. పుచ్చుకోవడమే తప్ప ఇవ్వడం ఎరగని విశ్వాసి గతి కూడా ఇంతే."

యాత్రికులు తలలు ఊపేవాళ్ళు. కొందరు కళ్ళు తుడుచుకునేవాళ్ళు. చెప్పగా చెప్పగా ఆ మాట తిమోను మనసులో గట్టిపడిపోయింది.

ఒక మధ్యాహ్నం అతను గురువు ఒబద్యా దగ్గరికి వెళ్ళాడు. ఒబద్యా కూర్చుని బుట్ట అల్లుతున్నాడు.

"తండ్రీ, శెమయాను యెరికోలో సత్రానికి పంపేద్దాం. అక్కడ రోగులను చూసేవాళ్ళున్నారు."

"నీకు కష్టంగా ఉందా?"

"కష్టమని కాదు. చదువు వదిలి, ప్రార్థన వదిలి చేస్తున్నాను. ఆయన వల్ల ఎవరికి ఏం ఒరుగుతోంది? కింద ఆ సముద్రం ఎలాగో, ఆయనా అలాగే."

ఒబద్యా ఇంకో పుల్ల అందుకున్నాడు. అల్లిక సాగుతూనే ఉంది.

గుహకూ గుహకూ మధ్య గోనె తెర తప్ప అడ్డం లేదు. పక్క గుహలోనే ఉన్న శెమయా అంతా విన్నాడు. ఆ సాయంత్రం రొట్టె నోటి దగ్గర పెడితే తల తిప్పుకున్నాడు. "ఆకలి లేదు తమ్ముడూ," అన్నాడు. మర్నాడూ అదే మాట. మూడోనాడు నీళ్ళు కూడా రెండు గుక్కలే తాగాడు.

ఎందుకో తిమోనుకు తెలుసు. అన్న మాట వెనక్కి తీసుకోవాలని లోపల ఉంది. కానీ అది అబద్ధమని మాత్రం అతనికి అనిపించలేదు. అందుకే నోరు పెగల్లేదు.

నాలుగోనాడు తెల్లవారగానే ఒబద్యా గాడిదను తెచ్చి నిలబెట్టాడు.

"ఆయన్ని ఎత్తు," అన్నాడు.

యెరికోకే అనుకున్నాడు తిమోను. శెమయా కూడా అదే అనుకున్నాడు కాబోలు, వెళ్ళబోయేముందు గుహ గోడను ఒకసారి చేత్తో తడిమాడు. ఆయన్ని దుప్పట్లలో చుట్టి గాడిద మీదికి చేర్చి, చెరోపక్కా పట్టుకుని కొండ దిగారు. దిగాక ఒబద్యా యెరికో దారి పట్టలేదు. నేరుగా నీళ్ళవైపు నడిపించాడు.

ఒడ్డున పై అంగీ విప్పి ఒక రాయి మీద పెట్టాడు. "తీసుకురా," అంటూ తాను ముందు నీళ్ళలోకి దిగాడు.

తిమోను శెమయాను రెండు చేతుల మీదా మోసుకుంటూ వెళ్ళాడు. ఇన్నేళ్ళు ఆ సముద్రం గురించి చెప్పినవాడు అందులో కాలు పెట్టడం అదే మొదటిసారి. నీళ్ళు గోరువెచ్చగా, కొంచెం జిడ్డుగా తగిలాయి. నడుం లోతు వచ్చేసరికి శెమయా భయంతో అతని మెడ పట్టుకున్నాడు.

"వదులు," అన్నాడు ఒబద్యా.

"మునిగిపోతాడు తండ్రీ."

"మెల్లగా వదులు."

తిమోను వెల్లకిలా పడుకోబెట్టి, చేతులు కొద్దికొద్దిగా కిందికి దించాడు. ఒకచోట శెమయా బరువు చేతుల మీదినుంచి లేచిపోయింది. అంత ఉప్పు నీళ్ళలో ఆయన మునగలేదు. నీళ్ళ మీద అలాగే ఆగాడు. ముడుచుకున్న మోకాళ్ళు కాసేపటికి కొంచెం సడలాయి. ఇంకాసేపటికి ఇంకొంచెం. పూర్తిగా చాచుకోలేదు గానీ, మొహంలో ఎప్పుడూ ఉండే ముడత విడిపోయింది.

"నన్ను ఎవరు పట్టుకున్నారు?" అని అడిగాడు శెమయా.

"ఎవరూ పట్టుకోలేదు," అన్నాడు ఒబద్యా.

శెమయా ఆకాశంవైపు చూస్తూ ఉండిపోయాడు. చాప మీద పక్కకు తిరిగి పడుకునే మనిషికి ఆకాశం కనబడి ఎన్నాళ్ళయిందో. "నొప్పి లేదు," అన్నాడు కాసేపటికి, ఎవరితోనూ కాదన్నట్టు.

"కళ్ళలో నీళ్ళు పడకుండా చూడు. మండుతాయి," అని ఒబద్యా తిమోనుకు చెప్పాడు.

తిమోను వెనక్కి వెళ్ళి ముసలాయన తల కింద అరచేతులు ఉంచాడు. అలా ఎంతసేపు నిలబడ్డాడో తెలియదు. శెమయా ఊపిరి నిదానించింది. నోరు కొంచెం తెరుచుకుంది. రెండేళ్ళలో ఆయన అలా ఉండటం తిమోను చూడలేదు.

"రేపు యాత్రికులు వస్తున్నారు తండ్రీ," అన్నాడు ఉండబట్టలేక. "ఈ సముద్రాన్ని చూపించి నేను వాళ్ళకేం చెప్పను?"

ఒబద్యా పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు.

"మెల్లగా మాట్లాడు నాయనా. నిద్రపోతున్నాడు."