కండువా తిన్న చేను

మునీంద్రకి ఆ రోజు ఏడుపొక్కటే తక్కువ.

"ఇక నన్ను ఊళ్ళకి పంపకండి మేడమ్. ల్యాబులోనే పడుంటాను" అన్నాడు హలీమా మేడమ్‌తో. మట్టిలోని సూక్ష్మజీవుల మీద ఆమె దగ్గరే పరిశోధన చేస్తున్నాడు.

పత్తి ఏరడం అయ్యాక మిగిలిన పత్తికట్టెను చేలోనే కాల్చొద్దని, ఆ మంటకి మట్టిలో బతికేవన్నీ చచ్చిపోతున్నాయని ఊరివాళ్ళకి గంటసేపు బొమ్మలు చూపించి మరీ చెప్పాడు. చప్పట్లు కొట్టారు. మెడలో నూలు కండువా వేశారు. మర్నాడు పొద్దున్నే ఆ ఊరి రైతు ఉరుకుందప్ప తన చేనుకి నిప్పు పెట్టాడు.

"కంటికి కనపడని పురుగులేంది సామీ, అని నవ్వాడు మేడమ్! వాళ్ళకి ఎంత చెప్పినా ఎక్కదు."

"ఆ కండువా ఏది?" అందామె.

ఇస్త్రీ చేయించి దాచుకున్నాడు పాపం. తెచ్చిచ్చాడు.

తొలివానలు పడగానే ఇద్దరూ మళ్ళీ ఆ ఊరు వెళ్ళారు. అందరూ చూస్తుండగా ఆమె కండువాను నిలువునా చింపింది. మునీంద్ర ప్రాణం ఉసూరుమంది. ఒక సగం ఉరుకుందప్ప చేలో పాతించింది. రెండో సగం పక్కనే ఈరమ్మ చేలో. ఈరమ్మ ఏనాడూ కట్టె కాల్చదు, పశువుల దిబ్బెరువు తోలి దున్నిస్తుంది. ఎందుకు పాతించిందో మేడమ్ ఎవరికీ చెప్పలేదు. మునీంద్రని కూడా నోరెత్తనివ్వలేదు.

పైరు నడుమెత్తు ఎదిగాక తవ్వారు. ఊరు ఊరంతా గట్టు మీదే ఉంది.

ఉరుకుందప్ప చేలోంచి వచ్చిన గుడ్డ మాసింది గాని చెక్కుచెదరలేదు. దులిపి మెడలో వేసుకోవచ్చు. ఈరమ్మ చేలో ఎంత తవ్వినా అంచులోని నైలాన్ పోగులు తప్ప ఏమీ దొరకలేదు.

"తినేసింది! నా చేను తినేసింది!" అని ఈరమ్మ చిన్నపిల్లలా చప్పట్లు చరిచింది. గట్టు మీద ఈలలు మోగాయి.

"మా చేన్లో గూడా పాతండి!" అంటూ ఒకాయన భుజం మీది తువ్వాలు తీసి విసిరాడు. ఇంకొకాయన తలపాగా విప్పుతున్నాడు.

ఉరుకుందప్ప మాత్రం చేతిలో గుడ్డను అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. అతని మొహంలో నవ్వు లేదు.

"నా చేను యాల తినలేదు సార్? తినేటివి యాడికి పోయినాయి? మళ్ళా రావల్లంటే నేనేం జెయ్యల్ల?"

మునీంద్ర సంబరంగా మేడమ్ వైపు చూశాడు.

"అడుగుతున్నాడుగా" అందామె. "ఇప్పుడు చెప్పు."