పీటముడి పడిన జెండా

ఆ రోజు జ్యేష్ఠ బహుళ తదియ, బుధవారం. పొద్దున్నుంచి మబ్బు పట్టింది గాని చినుకు రాలలేదు. ఒకటే ఉక్కపోత. కాదు, గురువారమని వాదించే కాకులు ఇప్పటికీ ఉన్నాయి. కాకులతో మనకెందుకు? కథకు వద్దాం.

నల్లమద్ది అడవిలో ఎలుగుబంటి, అడవిపంది, జింకలు, కుందేళ్ళు, కోతులు ఉండేవి. అడవి నడుమ ఒకటే మడుగు. ముందు ఎవరు నీళ్ళు తాగాలన్న పంతంతో ఆ అడవి జంతువులే రెండు జట్లయి ఏళ్ళ తరబడి కొట్టుకున్నాయి. తూర్పు జట్టుకు ఎలుగు పెద్ద, పడమటి జట్టుకు పంది పెద్ద. అంతకుముందు ఆ రెండూ "బావా" అంటే "బావా" అనుకున్నవే.

చివరికి అలసిపోయి రాజీకి వచ్చాయి. ఆ బుధవారం మడుగు గట్టున జెండా ఎగరేయాలి. జెండా విచ్చుకుంటే యుద్ధం ముగిసినట్టు. అందాకా ఎవరూ నీళ్ళు ముట్టకూడదు.

గిజిగాళ్ళు మోదుగాకులు కలిపి జెండా కుట్టాయి, విస్తరి కుట్టినట్టే. విస్తరిలో అన్నం తింటే ఆ రుచే వేరు. సరే, అది వేరే సంగతి. జెండాలో తంగేడు పూలు పోసి, మడిచి, కర్ర కొనకు ఎత్తి, తీగతో ఒక కోతి జారుముడి వేసింది. జారుముడి ఒక కొస లాగితే విడిపోతుంది. రెండు కొసలూ లాగితే బిగుసుకుంటుంది. ఆ మాట చెప్పకుండానే కోతి నేరేడు పళ్ళకు పోయింది.

కొస లాగేది మేమంటే మేమని ఏ జట్టూ తగ్గలేదు. అందుకని ఎలుగు ఒక కొస, పంది ఒక కొస పట్టుకుని ఒక్కసారే లాగాయి. జెండా విచ్చుకోలేదు. ఇంకా గట్టిగా లాగాయి. పీటముడి పడింది.

చూస్తున్నవాటికి ఏమీ అర్థం కాలేదు. యుద్ధం అయిపోయినట్టా, కానట్టా? కుందేళ్ళు చప్పట్లు మొదలుపెట్టి మధ్యలో ఆపేశాయి. రాజీ కుదిరిందని అవతలి జట్టు పిల్లిని కౌగిలించుకున్న ఒక అడవిపిల్లి, ఇప్పుడు వదలాలా గీరాలా అని పక్కవాళ్ళను అడిగింది. పక్కవాళ్ళకూ తెలియలేదు. ఈలోగా దాహంతో జింకపిల్ల తల్లి కాళ్ళ దగ్గర కూలబడింది.

"కొస వదులు బావా," అంది ఎలుగు.

"నువ్వే వదలరాదూ?" అంది పంది.

"వదిలినవాడు ఓడినట్టు. మా వంశంలో అది లేదు."

తల్లి జింక ముందుకొచ్చింది. "ఎవరు గెలిచారని నా బిడ్డ అడగడం లేదయ్యా. నీళ్ళెప్పుడని అడుగుతోంది," అంది.

పంది జింకపిల్ల వైపు చూసింది. కొస వదిలేసింది.

ముడి సడలింది. ఇంకా లాగుతూనే ఉన్న ఎలుగు వెల్లకిలా వెళ్ళి రేగుముళ్ళ పొదలో పడింది. జెండా విచ్చుకుంది. తంగేడు పూలు రెండు జట్ల మీదా రాలాయి.

"చూశారా, గెలిచింది నేనే," అంది ఎలుగు పొదలోంచి. వినడానికి అక్కడెవరూ లేరు. అందరూ మడుగులో మూతులు పెట్టారు. ముందు ఎవరు తాగారో ఎవరూ గమనించలేదు. జింకపిల్లే అనుకుంటాను.

ఆ పెద్దలందరూ పోయాక, జెండా కర్ర వడ్రంగిపిట్ట పిల్లలకు దక్కింది. తీగ గిజిగాళ్ళ పిల్లలకు దక్కింది. మడుగు పక్కనున్న చల్లని బురదను అడవి అంతా కలిసి పంది పిల్లలకు ఇచ్చింది. ఎలుగు పిల్లలకు మాత్రం తమ నాన్నే గెలిచాడన్న మాట మిగిలింది. అంటే, ఏమీ మిగలలేదు.

నీతి: ఇద్దరూ లాగితే ముడి బిగుస్తుంది, ముందు వదిలినవాడే పెద్దవాడు.