ఏ మందు?

దివిజకి ఒకటే ఉక్రోషం. మూడు నెలలు కూర్చుని రాసిన ప్రోగ్రాంని, ఆఫీసులో పని నేర్పే సుభానీ మాస్టారు తీసుకోనంటున్నారు.

నరసరావుపేట దగ్గర ఒక రైతు సంఘం కోసం రాసింది అది. మిరపతోటకి ఏ వారం ఏది ఎంత వెయ్యాలో రైతుల ఫోన్లకి మెసేజ్ పంపుతుంది. తప్పన్నది లేకుండా పనిచేస్తోంది కూడా. సోమవారం నుంచి దివిజకి బెంగుళూరులో ఉద్యోగం. ఇకమీదట దాన్ని చూసుకోవాల్సింది ఎవరో కొత్తవాళ్లు. వాళ్లు ఒక్క అంకె పొరపాటుగా మార్చినా పచ్చటి తోట మాడిపోతుంది.

"లోపం ఎక్కడుందో చూపించండి మాస్టారూ, దిద్దుతాను."

"లెక్కలో లోపం లేదమ్మా. పేర్లు చూడు."

ప్రోగ్రాంలో ప్రతి కొలతకీ ఒక పేరు పెట్టాలి. ఆమె పెట్టిన పేర్లు మందు1, మందు2, మందు3.

"ఏది ఏదో నాకు తెలుసు కదా! తెలివైనవాళ్లెవరికైనా తెలిసిపోతుంది."

"పోనీ, పక్కనే ఒక ముక్క వివరం రాయి."

విసుక్కుంటూనే రాసుకొచ్చింది. మందు2 పక్కన 'ఇది రెండో మందు' అని ఉంది. ఇంత గొప్ప వివరణ రాయాలంటే ఇంజినీరింగ్ చదివి తీరాల్సిందే.

మాస్టారు అది చదివారు. ఒక చీటీ రాసి మడిచి ఆమె చేతిలో పెట్టారు.

"కింద ఎరువుల కొట్లో ఇచ్చి, ఇది పట్టుకురా తల్లీ."

కొట్లో వెంకాయమ్మ చీటీ విప్పి, కళ్లజోడు సర్దుకుని పైకే చదివింది. "మందు2, ఐదు. ఇది రెండో మందు."

చీటీని అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"ఏ మందమ్మాయ్? చల్లేదా, కొట్టేదా?"

చల్లేది ఎరువు, కొట్టేది పురుగుమందు. రైతుకి రెండూ మందే. దివిజ చీటీలోకి తొంగిచూసింది.

"ఐదంటే ఐదు బస్తాలా, ఐదు డబ్బాలా? రాసినాయన్నే అడిగి రా. ఏదో ఒకటి ఇచ్చి ఎవరి చేనో మాడబెట్టే పాపం నాకెందుకు?"

దివిజ మెట్లెక్కి వచ్చింది. "మాస్టారూ, ఏ మందు?"

ఆయన తన పని తాను చేసుకుంటున్నారు.

"మాస్టారూ, చల్లేదా, కొట్టేదా?"

తలైనా ఎత్తలేదు. దివిజకి ఏడుపొచ్చినంత పనైంది.

"రాసింది మీరు! మీరు చెప్పకపోతే నాకెలా తెలుస్తుందండీ?"

అప్పుడు తలెత్తి చూశారాయన. ఆ చూపులో కోపం లేదు.

"నేను ఊళ్లో లేననుకో," అన్నారు.

దివిజ వెళ్లి తన కుర్చీలో కూర్చుని, మందు1 అన్న మాటని చెరిపేసింది.