సెగలమ్మ: హద్దురాయి కింద ఆరని నిప్పు

సెగలమ్మ గుడికి గోపురం లేదు. జొన్నచేల మధ్య, ఒక పాత బావి పక్కన నడుమెత్తు నల్లరాయి, చుట్టూ తిన్నె ఉన్నాయి. తొలిసారి వచ్చినవారు తిన్నెపై అరచెయ్యి ఆనించి చూడాలి. మార్గశిరపు చలిలోనూ అది గోరువెచ్చగా ఉంటుంది.

పూర్వం ఇక్కడ సుంకమ్మ అనే రైతు పొలానికీ, పక్క రైతు వీరన్న పొలానికీ ఈ రాయే హద్దు. ఒక ఏడాది వానలు లేక వీరన్న బావి ఎండింది. అతడు రాయిని పెకలించి, ఆ చోటు చదును చేసి, సుంకమ్మ పొలంలోకి పది బారలు జరిపి పాతాడు. ఆమె బావి అతని వైపు పోయింది. ఆమె పైరు వాడిపోసాగింది.

సుంకమ్మ కరణం ఓబళయ్యకు మొరపెట్టుకుంది. ఆయన పుస్తకం తీశాడు.

"రాయి వరకు నీదని ఉంది. రాయి ఎక్కడుంటే హద్దు అక్కడే."

"రాయికి కాళ్లొచ్చినాయి సామీ. అది కూడా రాసుకోండి."

మర్నాటి ఉదయం మేకల కాపరి మద్దిలేటి ఒక వింత చూశాడు. చేలన్నీ మంచుకు తడిసి ఉన్నాయి. బావికి వీరన్న పొలం వైపున చాపంత నేల మాత్రం పొడిగా ఉంది. మేకలు అక్కడ చేరి, అదిలించినా కదలలేదు. అతడు పరుగున వెళ్లి కరణాన్ని తీసుకొచ్చాడు. ఊరు వెంట వచ్చింది.

హద్దురాయి పాతేముందు ఇరువైపుల రైతులూ తమ పొయ్యి బొగ్గులు గుంటలో పోయడం ఆనాటి ఆచారం. రాయిని జరపవచ్చు, బొగ్గు మట్టిలో కుళ్లదు. పుస్తకం చూసిన కరణం గుంట సంగతి మరిచాడు. ఇప్పుడు గుర్తొచ్చి, ఆ పొడి నేలను తవ్వించాడు. బొగ్గులు బయటపడ్డాయి.

"కాపరి చలి కాచుకున్నవే ఇవి," అన్నాడు వీరన్న.

"మోకాలి లోతున దిగి కాచుకున్నానా మామా?" అన్నాడు మద్దిలేటి. జనం నవ్వారు.

కరణం ఒక బొగ్గును విరిచాడు. మూడు తరాల కిందట పూడ్చిన ఆ బొగ్గు లోపల నిప్పు ఎర్రగా కణకణలాడుతోంది. నవ్వు ఆగిపోయింది. కరణం తలపాగా తీసి నేలపై సాగిలపడ్డాడు. వీరన్న ఎవరూ చెప్పకుండానే రాయిని భుజాన మోసుకొచ్చి, నిప్పు మీదే నిలిపాడు. బావి సుంకమ్మకు దక్కింది. కరణం పుస్తకంలో "రాయి వరకు" అన్నది కొట్టేసి, "నిప్పు వరకు" అని రాశాడు. నాటి నుంచి ఆ రాయిని ఊరు సెగలమ్మగా కొలుస్తోంది.

నేడు సర్వేయర్లు యంత్రాలతో కొలుస్తున్నారు. అయినా చుట్టుపక్కల ఊళ్లలో సెగలమ్మ గుడిలో ఇచ్చే బొగ్గు వేయనిదే హద్దురాయి నిలపరు. దానికి ఇరుగుపొరుగు రైతులిద్దరూ కలిసి రావాలి. ఒక్కరే వస్తే ఇవ్వరు. బొగ్గు ఇచ్చేది వీరన్న వంశంవారు. బావి నీటిని తీర్థంగా ఇచ్చేది సుంకమ్మ వంశంవారు. రెండూ అందుకున్నవారి గట్టు కదలదు, బావి ఎండదు.