నూనె మేకు

ఆ కోటలో పుస్తకం ఒక్కటే ఉండేది. దాన్ని లోపలిగదిలో పెట్టి, గడప దాటనిచ్చేవారు కారు. రెండు పొడవాటి తాటాకు పట్టీలు ఎదురెదురుగా, మెలితిప్పిన నిచ్చెనలా ఉండేవి. వాటిమీద రాసినవి నాలుగే అక్షరాలు. అ, త, గ, చ. అ ఉన్నచోట ఎదుటి పట్టీమీద త ఉండాలి, గ ఉన్నచోట చ ఉండాలి. కోటలో ఏ వస్తువు చెయ్యాలన్నా ఆ నాలుగక్షరాల వరసలోనే చెప్పి ఉంది.

పుస్తకం బయటికి రాదు కాబట్టి చీటీలు వెళ్లేవి. కావలసిన చోట పట్టీలు కాస్త విడదీసి, అక్కడి వరస చీటీమీద ఎక్కించుకుని, మళ్లీ మూసేవారు. చీటీలో త రాయకూడదు, దాని బదులు ఉ రాయాలి. ఏది పుస్తకమో ఏది చీటీయో ఎవరూ పొరబడకుండా ఆ కట్టుబాటు. నాంచారి అనే ఆమె ఆ చీటీ పట్టుకుని పుట్టిలనే గుండ్రటి పడవలు చేసే చోటికి పరుగెత్తేది. అక్కడివాళ్లు మూడేసి అక్షరాలు చదివి, ప్రతి మూడింటికీ ఒక మేకు దిగగొట్టేవారు. పని కాగానే చీటీ చింపేసేవారు. నాంచారికి చదువు రాదు. చీటీలో ఏముందో ఆమె ఎన్నడూ అడగలేదు.

ఆ గుండ్రటి పుట్టిలే కోటకు ప్రాణం. ఊపిరి నింపుకుని కాలవలవెంట వెళ్లి, ఒక్కొక్క వాడకూ దింపి, ఖాళీగా తిరిగొచ్చేవి.

పేరమ్మ పని వేరు. కొత్త కోట కట్టినప్పుడల్లా పుస్తకం రెండు కావాలి. అప్పుడు పట్టీలు రెంటినీ పూర్తిగా విడదీసి, ఒక్కొక్కదానికీ కొత్త జత రాసేవారు. రాసేది ఆమె తమ్ముడు అక్కన్న. అతని చెయ్యి వాన కురిసినట్టు సాగేది. పేరమ్మ అతని వెనకే వేలితో తడుముకుంటూ వెళ్లేది. జత కుదరనిచోట ఆకు ఉబ్బుతుంది. అది వేలికి తగలగానే చాకుతో గీకి, "మళ్లీ రాయరా" అనేది.

ఏటి అవతల కొత్త కోట లేచిన ఏడు, రెండో పుస్తకం రాయడానికి ఇచ్చిన గడువు సరిపోలేదు. పడవలు రేవులో ఆగి ఉన్నాయి. వెళ్లేవాళ్లు మూటలతో ఎండలో నిలబడ్డారు. కొత్త కోటకు పెద్దగా నియమించినాయన లోపలికీ బయటికీ తిరుగుతున్నాడు. పేరమ్మ వేలు ఒకచోట ఆగింది.

"ఇక్కడ పాత పట్టీమీద గ అ గ ఉంది. ఆ అకు ఎదురు త పడాలి. వీడు మళ్లీ అ వేశాడు."

"ఎన్ని అక్షరాల్లో ఒకటి?" అన్నాడు కోటపెద్ద.

"కోట్లలో ఒకటి."

"అయితే అవతలికి వెళ్లాక దిద్దుకో. ఏరు పొంగుతోంది. వేలు తియ్యి పేరమ్మా."

పేరమ్మ వేలు తీసింది. ఆ పుస్తకమూ అక్కాతమ్ముళ్లూ నాంచారీ ఒకే పడవలో ఏరు దాటారు.

కొత్త కోటలో సామాన్లు సర్దుకుని, నాలుగోరోజు పేరమ్మ చాకు పట్టుకుని ఆ చోటికి వెళ్లింది. తడిమింది. ఉబ్బు తగల్లేదు. మళ్లీ తడిమింది. ఆకు నున్నగా ఉంది. వెలుతురుకు పట్టి చూస్తే పాత పట్టీమీద గ అ గ లేదు, గ త గ ఉంది. తన తప్పు దిద్దాల్సిన అక్కన్న తాతల నాటి అక్షరాన్ని గీకి, తన తప్పుకు జత కలిపాడు.

"ఎందుకు చేశావురా?"

అక్కన్న ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "గడప దాటాక కూడా పుస్తకంలో తప్పు ఉంటే రాసినవాడి వేళ్లు తీసేస్తారు అక్కా. కొత్త పట్టీమీద గీకితే నా తప్పని తెలిసిపోతుంది. నాకు ఇంకే పనీ రాదు. ఇప్పుడు రెండూ జత కుదిరాయి. నువ్వు చెబితే తప్ప ఎవరికి తెలుస్తుంది?"

పేరమ్మ అతని వేళ్లవంక చూసింది. చిన్నప్పుడు పలక పట్టించి దిద్దించిన వేళ్లు. చాకు బొడ్లో దోపుకుని బయటికి వచ్చేసింది. ఎవరికీ చెప్పలేదు.

కొత్త చీటీలో గ అ గ ఉండాల్సినచోట గ ఉ గ పడింది. నాంచారి పట్టుకెళ్లి ఇచ్చింది. గ అ గ అంటే నీళ్లతో కలిసిపోయే మేకు, గ ఉ గ అంటే నూనె మేకు. పనివాళ్లు ఎందుకని అడగరు. నూనె మేకులే కొట్టారు. ఊపిరి నిండుగా ఉన్నంతసేపూ పుట్టిలు గుండ్రంగానే ఉండేవి. దింపి ఖాళీ కాగానే ఆ మేకులు ఒకదాన్నొకటి కరుచుకునేవి. పుట్టి కొడవలిలా వంగిపోయేది. వంగినవి వంగినవాటికి తగులుకుని సన్నకాలవల్లో అడ్డం పడేవి.

కాలవ చివరివాడలో మొదట ముసలివాళ్లు, తరవాత పిల్లలు ఒళ్లు నొప్పులని ఏడ్చారు. నాంచారి ఇల్లు ఆ వాడలోనే. ఆమె తొమ్మిదేళ్ల కూతురు నోరు తెరిచి మూడు రోజులు ఎగశ్వాస పీల్చింది. పేరమ్మ వెళ్లి తలాపున కూర్చుంది. పిల్ల పాదాలు రుద్దింది. అప్పుడు కూడా నోరు విప్పలేదు. నాలుగోరోజు పొద్దున్నే పిల్ల పోయింది.

పదకొండోరోజున నాంచారి పనిలోకి వచ్చింది. "నేనేమైనా చీటీ తడిపానా అత్తా? ఎక్కడైనా నలిపానా?" అని అడిగింది. "లేదమ్మా" అంది పేరమ్మ.

ఆ రాత్రే తమ్ముడితో చెప్పేసింది, "రేపు పాతకోటకు వెళ్తున్నాను. అక్కడి పుస్తకంలో గ అ గ ఉంది. చూపించి దిద్దిస్తాను. నీ వేళ్లు పోతే పోనీ." అక్కన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆమె ఏరు దాటి వెళ్లేసరికి పాతకోట లేదు. జ్వరదొంగలు పడ్డారు. వాళ్లు కోట గోడలు ఎక్కరు. పుట్టిల్లో దూరి, ఊపిరి తింటూ, లోపలే పిల్లల్ని పెట్టి, పుట్టిని పగలగొట్టుకుని పక్కదాంట్లోకి దూకుతారు. పాతకోట పుట్టిలన్నీ చక్కగా గుండ్రంగా ఉండేవి. దొంగలకు అంతకన్నా మంచి ఇల్లు దొరకదు. కాలవలు ఎండి, వాడలు చల్లబడి ఉన్నాయి. లోపలిగదిలో పుస్తకం చెదలు పట్టిన మట్టిలా పొడి అయిపోయింది. గ అ గ ఇక ఎక్కడా లేదు.

ఆమె తిరిగొచ్చేలోపే దొంగలు కొత్తకోటమీదికీ వచ్చిపోయారు. దొంగ ఎక్కి ఊపిరి తినగానే పుట్టి వంగిపోయేది. వంగినదాన్ని కాలవకాపరులు లాగి, దొంగతో సహా తొక్కి నుగ్గుచేశారు. కోట నిలిచింది.

కోటపెద్ద సంతర్పణ పెట్టించాడు. జనాన్ని కూర్చోబెట్టి, నూనె మేకు మన పెద్దల ముందుచూపు అన్నాడు. అక్కన్నకు శాలువా కప్పారు. అతను పది వేళ్లూ జోడించి దండం పెట్టాడు. పేరమ్మ లేచి నిలబడింది. "అది పెద్దలు రాసింది కాదు. నా తమ్ముడు తప్పు రాశాడు. నేను తెలిసీ ఊరుకున్నాను" అంది గట్టిగా.

కోటపెద్ద నవ్వాడు. "పుస్తకం విప్పించి చూడమంటావా? జత కుదిరి లేదూ?"

"కుదిరింది."

"మరి కూర్చో."

జనం నవ్వారు. పేరమ్మ కూర్చుంది. పక్క విస్తరి ముందు నాంచారి అన్నం కలపకుండా ఆమెనే చూస్తోంది.

"నా పిల్ల దానివల్లేనా పోయింది, అత్తా?"

"దానివల్లే."

"నేను మోసిన చీటీవల్లా?"

"నువ్వు మోశావు. నేను మోయించాను."

వడ్డించేవాళ్లు వాళ్లను దాటుకుని వెళ్లిపోయారు.

"దొంగల్నుంచి కాచింది కూడా అదేనా?"

"అదే. తప్పుడు అక్షరమే. కానీ అది లేకపోతే మనం బతికేవాళ్లం కాదు."

"మనం అంటే ఎవరత్తా?" అంది నాంచారి.

ఇంతలో లోపలిగది నుంచి కేక వచ్చింది. నుగ్గయిన పుట్టిల బదులు కొత్తవి కావాలి, చీటీ సిద్ధంగా ఉంది. నాంచారి విస్తరి మడిచి, చెయ్యి కడుక్కుని, తడి చెయ్యి చీరకు తుడుచుకుంటూ ఆ చీటీ అందుకోవడానికి వెళ్లింది.